ఢిల్లీలో ఎక్కడ దిగాలి? మీ అత్తగారి మాటే వినండి

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో కుటుంబమంతా ఢిల్లీ చూడటానికి వెళ్తున్నాం. నేను, మా వారు, 68 ఏళ్ళ అత్తగారు, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి, అయిదో తరగతి అబ్బాయి. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాం. ఢిల్లీలో నాలుగు రాత్రులు ఉంటాం, మధ్యలో ఒక రోజు ఆగ్రా చూసి రావాలని ఉంది. రెండు గదులు కావాలి. గదికి రోజుకు 3,500 దాకా పెట్టగలం. స్టేషన్ పక్కనే ఉంటుంది కాబట్టి పహాడ్‌గంజ్‌లో దిగమంటాడు మా మరిది. మహిపాల్‌పూర్‌లో హోటళ్ళు కొత్తవి, చవక అంటాడు మా వారి స్నేహితుడు. మా అమ్మాయి హౌజ్ ఖాస్ తప్ప మరో పేరు వినడం లేదు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. వేడినీళ్ళు, దగ్గర్లో గుడి, మన భోజనం దొరికితే చాలు, ఎక్కడైనా సరే అంటున్నారు. ఎవరి మాట వినమంటారు?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మీ అత్తగారి మాట వినండి. ఎక్కడైనా సరే అన్నారు కదా అని ఆమెను లెక్కలోంచి తీసేయకండి. మిగతా ముగ్గురూ తలా ఒక పేట పేరు చెప్పి ఊరుకున్నారు. ఆ పేటలో ఏమేం ఉండాలో చెప్పింది ఆవిడ ఒక్కరే.

ఢిల్లీలో గది వెతికేటప్పుడు అందరూ చూసే లెక్క ఒకటుంది. ఎర్రకోటకు ఎంత దూరం, కుతుబ్ మినార్‌కు ఎంత దూరం అని. ఆ లెక్క మీకు పనికిరాదు. ఎర్రకోట ఉత్తరాన, కుతుబ్ దక్షిణాన, రెంటి మధ్య పదిహేను కిలోమీటర్ల పైమాటే. అక్షర్‌ధామ్ గుడి యమున దాటి తూర్పున. అన్నిటికీ దగ్గరగా ఉండే చోటంటూ ఆ ఊళ్ళో లేదు. మీరు చూడాల్సిన లెక్క వేరు. మధ్యాహ్నం మూడింటికి మీ అత్తగారు "ఇక నా వల్ల కాదు, మీరు చూసి రండి" అంటే, ఆవిడను గదిలో దింపి మళ్ళీ బయటికి రావడానికి ఎంతసేపు పడుతుంది? గంటలోపు అయితే ఆ పేట మంచిది. రెండు గంటలైతే, ఆవిడ పాపం నొప్పి ఓర్చుకుని మీ వెంటే తిరుగుతారు, లేదా రెండో రోజు నుంచి గది కదలరు. ఈ రెండూ జరిగే కుటుంబాలే ఎక్కువ.

ఆ లెక్కన చూస్తే మీకు సరిపోయేది కరోల్ బాగ్. కరోల్ బాగ్ మెట్రో స్టేషన్‌కీ ఝండేవాలాన్ స్టేషన్‌కీ మధ్య, ఏదో ఒక స్టేషన్ నుంచి నడిచి అయిదారు నిమిషాల్లో చేరే హోటల్ చూసుకోండి. అదృష్టం బాగుండి మీ ధరలో గోల్ మార్కెట్ దగ్గర గది దొరికితే అది ఇంకా మేలు. ఎందుకో చెబుతాను, అంతకంటే ముందు మిగతా సలహాల సంగతి.

మీ మరిది చెప్పిన పహాడ్‌గంజ్ స్టేషన్ పక్కనే ఉన్న మాట నిజం. కానీ న్యూఢిల్లీ స్టేషన్‌కు రెండు వైపులు ఉన్నాయి. పహాడ్‌గంజ్ ఒకటో ప్లాట్‌ఫాం వైపు, మెట్రో స్టేషన్ పదహారో ప్లాట్‌ఫాం అవతల అజ్మేరీ గేట్ వైపు. అంటే పహాడ్‌గంజ్ మెయిన్ బజారులో దిగినవాళ్ళు ఆ మెట్రో ఎక్కాలంటే కాలినడక వంతెన మెట్లెక్కి, పదహారు ప్లాట్‌ఫాంలు దాటి, మళ్ళీ దిగాలి. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషికి రోజూ రెండుసార్లు ఆ వంతెన మాటలు కాదు. బజారు సంగతి సరే, సైకిల్ రిక్షాలు, తోపుడు బళ్ళు, ఈ-రిక్షాలు, మధ్యలో నిలబడ్డ ఆవులు, వాటిని తప్పించుకుంటూ నడిచే మనుషులు. ఒక్కడే వెళ్ళి తెల్లవారుజామున రైలు పట్టుకోవాల్సిన కుర్రవాడికి పహాడ్‌గంజ్‌ను మించిన చోటు లేదు. మీ మరిది బహుశా అలా వెళ్ళినప్పుడే చూసి ఉంటాడు. అతని అనుభవం అబద్ధం కాదు, మీ ప్రయాణానికి అతకదంతే.

మహిపాల్‌పూర్ విమానాశ్రయం పక్కన, గుర్‌గావ్ వెళ్ళే జాతీయ రహదారి మీద ఉంటుంది. దాని పక్కనే పెద్ద పెద్ద ఖరీదైన హోటళ్ళున్న ఏరోసిటీ. అక్కడికి మెట్రో ఉంది, మహిపాల్‌పూర్ సందులకు మాత్రం అక్కడి నుంచి ఆటో పట్టుకోవాలి. గదులు కొత్తవి, ఒప్పుకుంటాను. కానీ మీరు చూడబోయే వాటిలో ఒక్కటీ ఆ దరిదాపుల్లో లేదు. గది అద్దెలో మిగిలింది టాక్సీకి పోతుంది, దాంతో పాటు సాయంత్రాలూ పోతాయి. ధౌలా కువాఁ దగ్గర ఆఫీసులు వదిలే వేళ ట్రాఫిక్‌లో చిక్కుకుంటే, పిల్లాడికి ఆకలి, అత్తగారికి బాత్రూం అవసరం, మీ వారికి చిరాకు, అన్నీ ఒకేసారి వస్తాయి. తెల్లవారుజామున విమానం ఉన్నవాళ్ళు చివరి రాత్రికి అక్కడ దిగడం తెలివైన పని. మీరు వెళ్ళేది రైల్లో.

ఇక మీ అమ్మాయి. హౌజ్ ఖాస్ అని ఆమె చూసిన ఫొటోలు బహుశా చెరువు గట్టు మీది పాత మదరసా గోడలవీ, పక్క సందుల్లోని కాఫీ హోటళ్ళవీ అయి ఉంటాయి. ఆ చెరువు అల్లావుద్దీన్ ఖిల్జీ తవ్వించింది, గట్టు మీది కట్టడాలు ఫిరోజ్ షా తుగ్లక్ కాలానివి. చూడదగ్గ చోటే. కానీ ఆ ఊరి సందుల్లో రాత్రి పొద్దుపోయే దాకా పబ్బుల సందడి, కారు గుమ్మం దాకా రాదు. ఆ పక్కనే ఉన్న గ్రీన్ పార్క్, సఫ్దర్‌జంగ్ ఎన్‌క్లేవ్ కాలనీల్లో మాత్రం నిశ్శబ్దంగా, ఇంటి వాతావరణంతో ఉండే గెస్ట్‌హౌస్‌లు ఉన్నాయి. మీరు ఇద్దరే వెళ్తుంటే నేను అక్కడే దిగమనేదాన్ని. అత్తగారితో, మొదటిసారి ఢిల్లీ చూసే పిల్లలతో కలిసి వెళ్తున్నప్పుడు ఎర్రకోట, చాందినీ చౌక్ వైపు తిరుగుడు ఎక్కువ ఉంటుంది, అంత దక్షిణాన దిగితే రోజూ ఊరంతా దాటుకుని పోవాలి. అమ్మాయికి ఒక సాయంత్రం హౌజ్ ఖాస్ బాకీ పడండి, దారిలో ఐఎన్‌ఏ స్టేషన్ పక్కన ఉన్న ఢిల్లీ హాట్ అనే చేతివృత్తుల సంత కూడా చూపిస్తే గొడవ ఉండదు.

మరి మధ్య ఢిల్లీలోనే, ఇండియా గేట్ చుట్టుపక్కల దిగితే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. పటం చూస్తే అదే సబబుగా కనిపిస్తుంది. 1911 దర్బారులో రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తామని ప్రకటించాక, లుట్యెన్స్, బేకర్ వంటి వాస్తుశిల్పులు కట్టిన కొత్త నగరం అది. 1931లో ప్రారంభమైంది. వెడల్పాటి రోడ్లు, చెట్లు, ఎకరాల స్థలంలో ఒక్కో బంగళా. ఆ బంగళాలు చాలావరకు ఇప్పుడు మంత్రులవీ, ఎంపీలవీ, న్యాయమూర్తులవీ. మామూలు లాడ్జి కట్టుకోవడానికి అక్కడ చోటే లేదు, ఉన్న కొద్ది హోటళ్ళూ మన అందుబాటులో ఉండవు. కన్నాట్ ప్లేస్ చుట్టూ కూడా అంతే. కాబట్టి మధ్యతరగతి కుటుంబం ఆ కొత్త నగరానికి అంచున, గుమ్మంలో దిగాలి. కరోల్ బాగ్, గోల్ మార్కెట్ సరిగ్గా ఆ గుమ్మంలో ఉన్నాయి.

కరోల్ బాగ్ గురించి తెలిసినవాళ్ళు ముక్కు విరుస్తారు. రద్దీ, వైర్లు, హారన్లు, గఫ్ఫార్ మార్కెట్‌లో ఫోను సామాన్ల గోల. అవన్నీ నిజమే. దేశ విభజన తర్వాత పశ్చిమ పంజాబ్ నుంచి వచ్చిన శరణార్థులు నిలబెట్టిన వ్యాపార కేంద్రం అది, ఇప్పటికీ ఆ ఊపు తగ్గలేదు. కానీ బజారు వీధి దాటి నాలుగు అడుగులు లోపలికి వెళ్తే, డబ్ల్యూఈఏ అని పిలిచే భాగంలో, ఇళ్ళ మధ్య వరసగా హోటళ్ళు ఉంటాయి. పొద్దున పాలు, పరాఠాలు, మందుల షాపు, ఏటీఎం, అన్నీ వీధి చివర దొరుకుతాయి. అత్తగారికి రాత్రి పదింటికి నొప్పి మాత్ర కావాల్సి వస్తే కారు బుక్ చేయక్కర్లేదు. ఊరు చూడటానికి వచ్చినవాళ్ళకు బజారు మధ్యన ఉండటం ఎంత ఉపయోగమో ఏరోసిటీలో దిగినవాళ్ళకు అర్థం కాదు.

అసలు లాభం మెట్రో. కరోల్ బాగ్ బ్లూ లైన్ మీద ఉంది. మూడో స్టేషన్ రాజీవ్ చౌక్, అంటే కన్నాట్ ప్లేస్. నోయిడా వైపు వెళ్ళే రైలు ఎక్కి కూర్చుంటే ఎక్కడా మారకుండా అక్షర్‌ధామ్‌లో దిగవచ్చు. అదే ప్లాట్‌ఫాం మీదికి వైశాలి రైళ్ళు కూడా వస్తాయి, అవి యమునా బ్యాంక్ దగ్గర వేరే దారి పడతాయి, కాబట్టి బోర్డు చూసి ఎక్కండి. ఎర్రకోటకు మండీ హౌస్‌లో వయొలెట్ లైన్‌కు మారితే ఎర్రకోట పేరుతోనే, లాల్ ఖిలా అని, స్టేషన్ ఉంది. ఫోనులోని మ్యాపు మిమ్మల్ని రాజీవ్ చౌక్‌లో యెల్లో లైన్‌కు మారి చాందినీ చౌక్‌లో దిగమని చెప్పవచ్చు. ఆ మాట వినకండి. రాజీవ్ చౌక్‌లో పొద్దున, సాయంత్రం జనం మనల్ని నడిపించుకుపోతారు, మన కాళ్ళతో పని లేదు. చాందినీ చౌక్‌లో దిగాక కోట దాకా మళ్ళీ రద్దీలో నడక. మండీ హౌస్‌లో మారడం ఎంతో తీరిక. రైలు వెళ్ళే దిక్కున మొదటి పెట్టె ఆడవాళ్ళది. మీరు, అత్తగారు, అమ్మాయి అందులో ఎక్కండి, తండ్రీకొడుకులు రెండో పెట్టెలో. దిగాల్సిన స్టేషన్ పేరు ఇద్దరికీ తెలిసి ఉండాలి, అంతే. ప్రతి స్టేషన్‌లోనూ లిఫ్టు ఉంటుంది, కాకపోతే అది ఏ గేటు దగ్గరుందో అడిగి తెలుసుకోవాలి.

మెట్రోతో అన్నీ కుదరవు. కుతుబ్ మినార్ పేరుతో స్టేషన్ ఉన్నా కట్టడం అక్కడి నుంచి నడిచేంత దగ్గర కాదు. ఇండియా గేట్ కూడా ఏ స్టేషన్‌లో దిగినా చాలా దూరం నడిపిస్తుంది. కాబట్టి దక్షిణం వైపు చూసే రోజుకు టాక్సీ మాట్లాడుకోండి. అక్కడ వాడుక ఎనిమిది గంటలు, ఎనభై కిలోమీటర్లు అనే లెక్క. కుతుబ్, కమల మందిరం (లోటస్ టెంపుల్), హుమాయూన్ సమాధి, ఇండియా గేట్ ఆ ఒక్క రోజులో పెట్టేయండి, హౌజ్ ఖాస్ బాకీ కూడా అదే రోజు తీరుతుంది. మిగతా రోజులు మెట్రో చాలు. సోమవారం మాత్రం చూసుకోండి. ఎర్రకోట, అక్షర్‌ధామ్, కమల మందిరం, జాతీయ మ్యూజియం అన్నీ ఆ రోజే సెలవు. కరోల్ బాగ్ బజారు కూడా సోమవారం మూసే ఉంటుంది, కాబట్టి అమ్మాయికి బట్టలు కొనే పని ఆ రోజు పెట్టుకోకండి. సోమవారం గుళ్ళ రోజు చేసుకోండి.

ఆ గుళ్ళ వల్లనే గోల్ మార్కెట్ ఇంకా మేలు అన్నాను. ఉద్యాన్ మార్గ్‌లో తిరుమల తిరుపతి దేవస్థానం వారి బాలాజీ గుడి ఉంది. అక్కడికి దగ్గర్లోనే మందిర్ మార్గ్ మీద బిర్లా మందిర్, 1939లో గాంధీజీ ప్రారంభించింది, అన్ని కులాలవారినీ రానివ్వాలన్న షరతుతో. ఇంకో పక్క బంగ్లా సాహిబ్ గురుద్వారా, ఆ కోనేటి చుట్టూ చలువరాతి నేల మీద చలికాలం మధ్యాహ్నం ఎండలో కూర్చోవడానికి ఢిల్లీవాళ్ళే వస్తారు. తల మీద కొంగో రుమాలో కప్పుకోవాలి, చెప్పులు బయట విడవాలి, జనవరిలో ఆ రాయి చల్లగా కరుస్తుంది కాబట్టి అత్తగారికి ఒక జత దళసరి మేజోళ్ళు సంచిలో పెట్టుకోండి. ఈ మూడూ ఒకదానికొకటి ఆటోలో పది నిమిషాల దూరం. రామకృష్ణ ఆశ్రమ మార్గ్ మెట్రో స్టేషన్ ఈ వైపు దిగడానికి అనువైనది. అదీ బ్లూ లైనే, కరోల్ బాగ్ నుంచి రెండో స్టేషన్. అంటే గోల్ మార్కెట్‌లో గది దొరక్కపోయినా మీకు పెద్దగా పోయేదేమీ లేదు. అక్కడ హోటళ్ళు తక్కువ, ఉన్నవి తొందరగా నిండిపోతాయి. దొరకలేదని రోజుల తరబడి వెతుకుతూ కూర్చోకండి.

భోజనం సంగతి. అశోకా రోడ్డులోని ఆంధ్రప్రదేశ్ భవన్ క్యాంటీన్ గురించి వినే ఉంటారు. ఎవరైనా వెళ్ళవచ్చు. చీటీ తీసుకుని నిలబడాలి, పిలిచినప్పుడు ఖాళీ ఉన్న చోట కూర్చోవాలి. కూర్చోగానే పళ్ళెంలో పప్పు, కూర, సాంబారు, రసం, పెరుగు, అన్నం మీద అన్నం. బల్ల మీద పొడి, పచ్చడి, నెయ్యి. పక్కన కూర్చున్న ఢిల్లీ ఉద్యోగి పొడిలో నెయ్యి పోసుకుని కలుపుకోవడం చూస్తే మీ అబ్బాయికి ఊరు దాటి వచ్చినట్టే అనిపించదు. అయితే రోజూ అక్కడికే వెళ్ళాలని పెట్టుకోకండి. మధ్యాహ్నం ఒంటిగంటకు చుట్టుపక్కల ఆఫీసులన్నీ అక్కడే ఉంటాయి, ఆదివారం బిర్యానీ కోసం వచ్చే జనం సంగతి చెప్పనక్కర్లేదు. పన్నెండున్నర లోపు చేరితే అత్తగారు ఎక్కువసేపు నిలబడక్కర్లేదు. ఇండియా గేట్ చూసే రోజు మధ్యాహ్నం అక్కడ పెట్టుకోండి. మిగతా రోజులకు కరోల్ బాగ్‌లో ఇడ్లీ, దోసె దొరికే హోటళ్ళు ఉన్నాయి. పక్కనే ఉన్న పాత రాజిందర్ నగర్‌లో సివిల్స్ శిక్షణకు వచ్చే మన పిల్లలు ఏళ్ళ తరబడి ఉంటున్నారు కాబట్టి ఆ వీధుల్లో మన భోజనం కోసం వెతకడం కూడా అంత కష్టం కాదు. మీకు తెలిసినవాళ్ళ పిల్లలెవరైనా అక్కడ చదువుతుంటే ఒక్క ఫోను చేయండి, ఏ మెస్సులో చారు బాగుంటుందో వాళ్ళకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

ఢిల్లీలోని తెలంగాణ భవన్‌లోనే గది దొరుకుతుందేమోనని మీ వారు ఎవరైనా నాయకుడి లేఖ కోసం తిరగవచ్చు. అక్కడ గదుల విషయంలో ప్రజాప్రతినిధులకూ అధికారులకూ మొదటి వరస. లేఖ ఉన్నా, చివరి నిమిషంలో ఎవరో పెద్దమనిషి వచ్చారంటే మీ సంచులు బయట ఉంటాయి. ముసలావిడను వెంటబెట్టుకుని ఆ భరోసాతో రైలెక్కకండి.

ఇప్పుడు గది ఎంచుకునే పని. కరోల్ బాగ్ హోటళ్ళలో చాలావాటి పుట్టుక ఇల్లు. రెండంతస్తుల ఇంటి స్థలంలో నాలుగైదు అంతస్తులు లేచాయి. అందుకే అక్కడ ప్రత్యేకంగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది కిటికీ. బుకింగ్ యాప్‌లో ఫొటోలో తెర కనిపిస్తుంది. గదిలోకి వెళ్ళి ఆ తెర తీస్తే వెనక గోడ ఉంటుంది, లేదా మూడడుగుల సందులోకి తెరుచుకునే అద్దం, అందులోంచి పక్క హోటల్ వంటగది వాసన. "బయటికి తెరుచుకునే కిటికీ ఉందా, రోడ్డు వైపా, వెనక వైపా" అని ఫోను చేసి అడగండి. వెనక వైపు గది అయితే నిద్ర పడుతుంది. రెండోది లిఫ్టు. ఉందని రాస్తారు. అది మొదలయ్యేది రిసెప్షన్ అంతస్తులో, ఆ రిసెప్షన్‌కు వీధి నుంచి పది మెట్లు. మీ అత్తగారికి లిఫ్టు కన్నా ఆ పది మెట్లే ముఖ్యం. గుమ్మం ఫొటో వాట్సాప్‌లో పంపమనండి, పంపడానికి నసిగితే వేరే హోటల్ చూడండి. మూడోది రెండో మెట్లదారి. 2019 ఫిబ్రవరిలో ఇదే కరోల్ బాగ్‌లో ఒక హోటల్‌లో తెల్లవారుజామున మంటలు లేచి 17 మంది చనిపోయారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. గదిలో దిగిన వెంటనే మెట్లు ఎటున్నాయో పిల్లలతో సహా ఒకసారి నడిచి చూసుకోండి, సాధ్యమైనంత వరకు ఒకటో రెండో అంతస్తులోనే గదులు అడగండి.

జనవరి కాబట్టి మరో రెండు. గీజరు ఏ గదికి ఆ గదికి ఉందా, లేక పొద్దున రెండు గంటలు మాత్రమే వదిలే వేడినీళ్ళా? గదిలో హీటర్ ఇస్తారా, ఇస్తే రోజుకు ఎంత? చాలాచోట్ల దానికి విడిగా డబ్బు తీసుకుంటారు, ఆ మాట దిగాక చెబుతారు. ఇతరులు రాసిన అభిప్రాయాలు చదివేటప్పుడు ఏప్రిల్‌లో దిగినవాళ్ళ మెచ్చుకోళ్ళు వదిలేసి, డిసెంబరు, జనవరిలో దిగినవాళ్ళ తిట్లు చదవండి. మన వైపు చలికి అలవాటుపడ్డ ఒళ్ళు అక్కడి చలికి ఆగదు. రాత్రిళ్ళు అయిదారు డిగ్రీలకు పడిపోతుంది, పగలు కూడా ఎండ రాని రోజులుంటాయి. దానికి తోడు గాలి కాలుష్యం, అత్తగారికి ఆయాసం ఏమైనా ఉంటే డాక్టర్‌ను ముందే అడిగి మాస్కులు పెట్టుకోండి.

మంచు మీ రాకను కూడా మార్చేస్తుంది. రైలు పొద్దున చేరాలి, కానీ జనవరిలో ఆగ్రా దాటాక పొగమంచులో గంటల తరబడి నిలబడటం మామూలు. సమయానికి వస్తే అదో ఇబ్బంది. హోటళ్ళలో గది ఇచ్చేది పన్నెండింటికి, మీరు ఎనిమిదింటికే గుమ్మంలో ఉంటారు. కనీసం ఒక గది పొద్దునే ఇవ్వగలరా, దానికి ఎంత తీసుకుంటారో ముందే మాట్లాడుకోండి. అత్తగారు స్నానం చేసి పడుకుంటే మిగతావాళ్ళు టిఫిన్‌కు వెళ్ళవచ్చు. మొదటి రోజుకు టికెట్ కొని చూసే చోటేదీ పెట్టుకోకండి.

స్టేషన్ బయట ఎవరైనా దగ్గరికొచ్చి "ఆ హోటల్ మూసేశారు", "ఆ రోడ్డు ధర్నా వల్ల బందయింది", "రండి, టూరిస్టు ఆఫీసులో కనుక్కుందాం" అంటే ఆగకుండా నడవండి. ఇది అక్కడ ఏళ్ళ నాటి వ్యాపారం, కమీషన్ ఇచ్చే హోటల్‌కు మిమ్మల్ని చేర్చడమే పని. అనుమానం వస్తే మీ ఫోనులోంచి హోటల్‌కు మీరే చేయండి, వాళ్ళు కలిపిచ్చే నంబరుకు కాదు. స్టేషన్ ఆవరణలో పోలీసుల ప్రీపెయిడ్ ఆటో బూత్ ఉంటుంది, లేదా యాప్‌లో కారు బుక్ చేయండి. సామాన్లతో, అత్తగారితో మొదటి రోజే మెట్రో ఎక్కే ప్రయత్నం వద్దు.

ఆగ్రా గురించి మీ పథకాన్ని కొంచెం మార్చమంటాను. మధ్యలో ఒక రోజు వెళ్ళి రాత్రికి ఢిల్లీ తిరిగి రావడమంటే, మంచు కాలంలో అర్ధరాత్రి గది చేరడం. తిరుగు ప్రయాణంలో మీరు ఎక్కబోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఆగ్రా మీదుగానే వస్తుంది. అందుకని ఆగ్రాను చివరి రోజుకు పెట్టండి. పొద్దున గది ఖాళీ చేసి, హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్ నుంచి గతిమాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు గంటల లోపే ఆగ్రా కంటోన్మెంట్. సామాన్లు అక్కడి క్లోక్ రూంలో పెట్టుకోవచ్చు, సంచులకు తాళాలు ఉండాలి. మధ్యాహ్నానికి మంచు విడిపోయి తాజ్ కనిపిస్తుంది కూడా, తెల్లారే వెళ్ళినవాళ్ళకు జనవరిలో ఆ భాగ్యం ఉండకపోవచ్చు. సాయంత్రం అక్కడే మీ రైలెక్కండి. దానికి టికెట్‌లో ఎక్కే స్టేషన్‌ను ముందుగానే ఆగ్రా కంటోన్మెంట్‌కు మార్పించుకోవాలి. ఒకసారి మార్చాక ఢిల్లీలో ఎక్కుతామంటే కుదరదు. శుక్రవారం తాజ్ మహల్‌కు సెలవు, గతిమాన్‌కూ సెలవు, ఆ రోజు రాకుండా తేదీలు చూసుకోండి.

తేదీల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. జనవరి మూడో వారం నుంచి రిపబ్లిక్ డే కవాతు రిహార్సల్స్ వల్ల కర్తవ్య పథ్ (పాత రాజ్‌పథ్), ఇండియా గేట్ చుట్టూ దారులు మూసేస్తుంటారు, ఎర్రకోటకూ ఆ రోజుల్లో తలుపులు పడతాయి. సెలవులు మొదలవగానే బయలుదేరితే ఈ బెడద తప్పుతుంది. పైగా 13వ తేదీ రాత్రికి కరోల్ బాగ్‌లో ఉంటారు. అక్కడి పంజాబీ ఇళ్ళవాళ్ళకు ఆ రాత్రి లోహ్రీ. వీధుల్లో మంటలు వేసి, వేరుశనగలు, పేలాలు, నువ్వుల బిళ్ళలు మంటలో వేస్తూ, పంచుకుంటూ పాడతారు. భోగి మంట ఇంటి దగ్గర వదిలేసి వచ్చామని అత్తగారు నొచ్చుకుంటే, హోటల్ కుర్రాడిని ఏ సందులో మంట వేస్తున్నారో అడిగితే చాలు, చూపిస్తాడు. పరాయివాళ్ళని దూరంగా నిలబెట్టే అలవాటు వాళ్ళకు లేదు.

ఇదే ప్రశ్న వేరేవాళ్ళు అడిగితే జవాబు వేరేగా ఉండేది. ఎయిమ్స్‌లో చూపించుకోవడానికి వెళ్ళేవాళ్ళు మరో ఆలోచన లేకుండా యూసఫ్ సరాయ్, గౌతమ్ నగర్, గ్రీన్ పార్క్ వైపు దిగాలి, తెల్లవారుజామున ఓపీ వరసలో నిలబడేవాళ్ళకు నడిచి వెళ్ళే దూరమే దూరం. షాజహాన్ రోడ్డులో సివిల్స్ ఇంటర్వ్యూకు వెళ్ళే పిల్లలు ముందు రోజు రాత్రి నిశ్శబ్దంగా ఉండే గది చూసుకోవాలి కానీ బజారు మధ్యన కాదు. దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ లాంటి రైళ్ళలో నిజాముద్దీన్‌లో దిగి ఒక్క రాత్రి ఉండేవాళ్ళకు జంగ్‌పురా, భోగల్ చాలు.

గదులు ఇప్పుడే పట్టుకోండి, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే పద్ధతిలో. రెండూ ఒకే అంతస్తులో, పక్కపక్కన కావాలని రాతపూర్వకంగా అడగండి. రైలు నంబరు హోటల్‌వాళ్ళకు ఇచ్చి, ఆలస్యమైనా వస్తామని చెప్పి ఉంచండి, లేకపోతే సాయంత్రం దాకా చూసి గది వేరేవాళ్ళకు ఇచ్చేసే హోటళ్ళు ఉన్నాయి. పెద్దవాళ్ళందరి ఆధార్ కార్డులు చేతిసంచిలో ఉండాలి. ఫోనులో ఫొటో ఉంది కదా అంటే ఒప్పుకోని చోట్లు కొన్ని ఉంటాయి, అత్తగారి కార్డు ఇంట్లో బీరువాలో మిగిలిపోకుండా చూసుకోండి.